విచ్చుకున్నంత మాత్రాన బతికినట్టు కాదు: సంజీవని మీద డాబా ప్రయోగాల డైరీ

ఎండి ఉండలా ముడుచుకుపోయిన సంజీవని మొక్కను నీళ్లలో వేస్తే గంటల్లో విచ్చుకుని పచ్చబడే వీడియోలు అందరూ చూసే ఉంటారు. ఈ డైరీ దాని గురించి కాదు. ఆ ఉండలో ప్రాణం ఉందో లేదో ఎలా తేల్చాలి, ఎలా ఎండబెడితే బతుకుతుంది, ఎలా ఎండబెడితే చస్తుంది అన్నవే ఇక్కడి లెక్కలు. ఇంట్లోనో, స్కూల్ ప్రాజెక్టుకో ఎవరైనా చేయాలనుకుంటే పనికొచ్చేలా సామాను, ఖర్చు, తప్పిన పద్ధతులు అన్నీ రాశాను. చేసిన చోటు హైదరాబాద్ మల్కాజిగిరిలో మూడో అంతస్తు ఇల్లు, పైన డాబా. జనవరిలో మొదలై వానాకాలం దాకా నడిచింది.

దశ 1: సామాను

కొలతలు లేకపోతే ఈ పని చేయడం దండగ. కొన్నవి ఇవి:

1. బంగారం తూచే బుల్లి ఎలక్ట్రానిక్ కాటా, 0.01 గ్రాము దాకా చూపించేది: రూ. 480
2. టీడీఎస్ పెన్ (నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూపించేది), ఆర్వో మెకానిక్‌లు నీళ్లలో ముంచి చూపించే రకం: రూ. 220
3. గది తేమ చూపించే డిజిటల్ మీటర్: రూ. 290

మొక్కలు నాలుగు రకాలు పెట్టుకున్నాను.

మొదటిది సంజీవని, అంటే సెలాజినెల్లా బ్రయోప్టెరిస్. ఫెర్న్‌లకు దూరపు చుట్టం. పూలు, విత్తనాలు ఉండవు, రాళ్ల మీద పెరుగుతుంది. దీన్ని మూడు చోట్ల కొన్నాను: బేగంబజార్‌లో ఒక మూలికల దుకాణం (14 ఉండలు, రూ. 40), నాంపల్లి నుమాయిష్‌లో ఒక స్టాల్ (9 ఉండలు, రూ. 60), ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు (7 ఉండలు, రూ. 120). రామాయణంలో హనుమంతుడు తెచ్చింది ఇదేనని స్టాల్ ఆయన గట్టిగా చెప్పాడు. ఆ సంజీవని ఏ మొక్క అయి ఉండొచ్చని గణేశయ్య, వాసుదేవ, ఉమాశంకర్ అనే శాస్త్రవేత్తలు 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వాళ్లు వడగట్టిన కొద్ది పేర్లలో ఈ సెలాజినెల్లా ఒకటి. తేలిపోయిన విషయమేమీ కాదు.

రెండోది మరియం పువ్వు. చార్మినార్ దగ్గర అత్తరు, యునానీ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది, పంజా-ఎ-మరియం అంటారు. రూ. 150. శాస్త్రీయంగా అనస్టాటికా హైరోకుంటికా, ఆవాల కుటుంబం, అరబ్బు ఎడారుల మొక్క. దీన్ని తెచ్చింది పోలిక కోసం. ఇది పూర్తిగా చచ్చిన మొక్క, అయినా నీళ్లలో విచ్చుకుంటుంది.

మూడోది మా పిట్టగోడ మీది నాచు. నాలుగోది వంటింటి పుదీనా, ఎండితే చచ్చే మామూలు మొక్కల తరఫున.

ఖజాగూడ గుట్టల మీదో ఇంకెక్కడో బండల మీద ఉన్నవాటిని పీకి తెచ్చుకోవద్దు. నగరంలో మిగిలిందే ఆ నాలుగు బండలు.

*ఇప్పటిదాకా ఖర్చు: 990 + 220 + 150 = రూ. 1,360. సంజీవని ఉండలు: 30.*

దశ 2: ఏది బతికుంది?

ముప్పై ఉండలనూ నీళ్లలో వేస్తే ముప్పై కూడా విచ్చుకున్నాయి. మరియం పువ్వు కూడా విచ్చుకుంది. ఇదే అసలు తిరకాసు. రెమ్మకు లోపలి వైపు, బయటి వైపు నీళ్లు పీల్చి ఉబ్బే తీరు ఒకటి కాదు. ఒక వైపు ఎక్కువ ఉబ్బితే రెమ్మ నిటారవుతుంది, ఆరితే వంకర తిరుగుతుంది. ఇందులో ప్రాణంతో పనేమీ లేదు, కణాల గోడల నిర్మాణంలోనే ఉంది ఆ కదలిక. మరియం పువ్వుకైతే ఇదే బతుకుతెరువు. మొక్క చచ్చాక గుప్పిట మూసుకుని గింజలను దాచుకుంటుంది, వాన పడితే తెరుచుకుంటుంది, చినుకుల దెబ్బకు గింజలు చెదిరిపడి మొలుస్తాయి. తల్లి మొక్క మాత్రం మళ్లీ లేవదు.

ఎంత సేపట్లో విచ్చుకుంటుందో చూసి తేల్చొచ్చేమో అనుకున్నాను. కుదరలేదు. చచ్చినవి రెండు మూడు గంటల్లో, బతికినవి మూడు నాలుగు గంటల్లో. తేడా కూడా తలకిందులుగా ఉంది, చచ్చినవే ముందు.

రంగు చూసి చెప్పడమూ కష్టమే. ఆన్‌లైన్‌లో వచ్చిన ఏడూ అన్నిటికంటే పచ్చగా మెరిశాయి. గిన్నెలో నీళ్లు కూడా పచ్చబడ్డాయి. దూదితో రుద్దితే దూదికి రంగు అంటింది, అంటే రంగు వేసి పంపారు. డబ్బులు వెనక్కి అడిగితే "నీళ్లలో విచ్చుకుంది కదా మేడమ్, ప్రోడక్ట్ బాగానే ఉంది" అన్నారు. వాళ్ల లెక్కలో అదీ నిజమే.

అందుకే రెండు పరీక్షలు పెట్టుకున్నాను.

పరీక్ష ఒకటి: కారే ఉప్పు

బతికున్న కణం చుట్టూ ఉండే పలచని పొర లోపలి లవణాలను లోపలే పట్టి ఉంచుతుంది. చచ్చిన కణం పొర చిరిగిపోయి లోపలిదంతా నీళ్లలోకి వదిలేస్తుంది. ల్యాబుల్లో దీన్ని కండక్టివిటీ మీటర్‌తో, అంటే నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూపించేదానితో కొలుస్తారు. టీడీఎస్ పెన్ లోపల ఉన్నదీ అదే, కాకపోతే అంకెను పీపీఎంలోకి (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) మార్చి చూపిస్తుంది. శాతాలే కావాలి కాబట్టి అది చాలు.

నీళ్ల దగ్గర ఇబ్బంది వచ్చింది. మా బోరు నీళ్లు 780 పీపీఎం. ఆ లెక్కలో పది పీపీఎం పెరిగితే కనిపించదు. ఆర్వో నీళ్లు 60, అదీ ఎక్కువే. చివరికి ఏసీ డ్రెయిన్ పైపు నీళ్లు పట్టాను. మొదటి అరగంట నీళ్లు దుమ్ముతో వస్తాయి, పారబోయాలి. తర్వాతివి 6 పీపీఎం. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొన్నా సరిపోతుంది.

మొదటి విడతలో ఎండిన రెమ్మలను నేరుగా నీళ్లలో వేసి పది నిమిషాలకు కొలిచాను. అన్నీ చచ్చినట్టే చూపించాయి. కారణం తర్వాత అర్థమైంది: ఎండిన పొర నీళ్లు తాకగానే తిరిగి సర్దుకునే లోపు బతికున్న కణం కూడా కొంత కారుస్తుంది. ఎండు గింజలు నానబెట్టినప్పుడు జరిగేదీ ఇదే. పైగా రెమ్మల మీద ఉన్న దుమ్ము ఉప్పు కూడా ఆ అంకెలో కలిసింది. పద్ధతి ఇలా మార్చాను:

1. రెమ్మలను ఒక రాత్రి తడి గుడ్డ పరిచిన మూత డబ్బాలో ఉంచాలి, నీళ్లు తగలకుండా. గాలిలోని తేమతో పొరలు మెల్లగా సర్దుకుంటాయి.
2. పొద్దున ఏసీ నీళ్లతో రెండుసార్లు కడిగి పారబోయాలి.
3. 50 మిల్లీలీటర్ల కొత్త ఏసీ నీళ్లలో వేసి రెండు గంటలు ఉంచి టీడీఎస్ చూడాలి.
4. అవే నీళ్లతో, అవే రెమ్మలతో పావుగంట మరగబెట్టాలి. ఇప్పుడు కణాలన్నీ చస్తాయి, ఉన్నదంతా కారుతుంది.
5. పూర్తిగా చల్లారాక, తగ్గిన నీళ్లను 50 దాకా నింపి మళ్లీ చూడాలి. వేడి నీళ్లలో పెన్ అంకెను నమ్మకూడదు.
6. మొదటి పెరుగుదలను రెండో పెరుగుదలతో భాగించి వందతో గుణించాలి.

నుమాయిష్ ఉండ ఒకదాని లెక్క: మొదట 6, రెండు గంటలకు 19, మరిగాక 71. అంటే 13 ÷ 65 = 20 శాతం కారుడు. బతికుంది. బేగంబజార్ ఉండల్లో ఎక్కువ వాటికి 80 దాటింది. ఆన్‌లైన్‌వి అన్నీ 85 పైనే. ఫ్యాన్ కింద పూర్తిగా ఎండబెట్టిన పుదీనా 88.

నాచు దగ్గర ఈ పరీక్ష తప్పింది. గోడ ప్లాస్టరు సున్నం దానికి అంటుకుని ఉంటుంది, నీళ్లలో వేయగానే టీడీఎస్ 90కి ఎగబాకింది. పైకొసలు మాత్రమే కత్తెరతో తీసి నాలుగైదుసార్లు కడిగాక అంకెలు దారికొచ్చాయి: 24 శాతం.

పరీక్ష రెండు: తేలే కొసలు

కిరణజన్య సంయోగక్రియ జరుగుతోందో లేదో చూడటానికి. అర లీటరు నీళ్లలో ఒక గ్రాము వంటసోడా, ఒక చుక్క గిన్నెల లిక్విడ్. పచ్చటి కొసలు అర సెంటీమీటరు ముక్కలుగా పది కోసి, 20 మిల్లీలీటర్ల సిరంజీలో ఈ నీళ్లతో పాటు వేసి, ముక్కు బొటనవేలితో మూసి పిస్టన్ వెనక్కి లాగాలి. ఆకులోని గాలి బయటికొచ్చి ముక్కలు మునుగుతాయి. తర్వాత గ్లాసులోకి వంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కింద పెట్టాలి. ముక్క బతికుంటే ఆక్సిజన్ బుడగలు పట్టి పైకి లేస్తుంది.

సంజీవని ఆకు మైనపు పూత వల్ల మొండికేసింది, ఎంత లాగినా మునగలేదు. లిక్విడ్ మూడు చుక్కలకు పెంచాక మునిగింది. బతికున్న ఉండల నుంచి తీసిన కొసలు: తడిపిన రెండు గంటలకు పదింట్లో ఒక్కటీ లేవలేదు, ఒక రోజు తర్వాత ఆరు లేచాయి. అంటే రెమ్మ చాచుకుని పచ్చగా కనిపించే వేళకు లోపల ఫ్యాక్టరీ ఇంకా షట్టర్ తీయలేదు. చచ్చినవి వారం ఉంచినా లేవలేదు, వాటి నీళ్లు టీ రంగుకు తిరిగాయి.

మరియం పువ్వు నానిన నీళ్లు కాన్పుకు మంచివని కొన్ని ఇళ్లలో తాగిస్తారు. ఈ గిన్నెల్లోని నీళ్లు ఎవరూ తాగకండి. మూలికల బజారులో ఏది దేనితో కలిసిందో, ఏ రంగు పడిందో పైన చూశారుగా.

*బతికినవి: బేగంబజార్ 14లో 3, నుమాయిష్ 9లో 6, ఆన్‌లైన్ 7లో 0. మొత్తం 30లో 9. సిరంజీలు రూ. 20. ఖర్చు: రూ. 1,380.*

దశ 3: కుండీలో నిలబెట్టడం

ఎండబెట్టే ప్రయోగాలకు ముందు వేళ్లూనిన మొక్కలు కావాలి. వెడల్పాటి మట్టి కుండీ (రూ. 70), కోకోపీట్ (రూ. 40). కోకోపీట్ నిండా నింపి నాటితే రెండు మొక్కలు మొదలు దగ్గర నల్లబడి కుళ్లాయి. రాతి సందుల్లో పెరిగే మొక్కకు అన్ని నీళ్లు పట్టి ఉంచే మట్టి పడదు. మార్చిన పాళ్లు: మూడు వంతులు గ్రానైట్ చిప్స్ (పక్క వీధిలో ఇల్లు కడుతున్న చోట అడిగితే బస్తాలో పోసిచ్చారు), ఒక వంతు కుళ్లిన ఆకుల ఎరువు. తూర్పు కిటికీ, నేరుగా ఎండ పడని చోటు. నెల తిరిగేసరికి కొత్త కొసలు లేత పచ్చగా వచ్చాయి.

*బతికినవి: 7. ఖర్చు: రూ. 1,490.*

దశ 4: ఎండబెట్టడం

పనంతా ఇక్కడే ఉంది. ముందు నీటి శాతం లెక్క. రెమ్మ బాగా నీళ్లు తాగినప్పటి బరువు (నిండు బరువు), ఇప్పటి బరువు, ఓవెన్‌లో పూర్తిగా ఎండాక బరువు, ఈ మూడూ కావాలి. ఓవెన్‌లోకి వెళ్లిన రెమ్మ ఇక పనికిరాదు కాబట్టి అదే మొక్క నుంచి పది రెమ్మలు ఈ లెక్కకే కేటాయించాను. ఓటీజీని 100 డిగ్రీల మీద పెట్టి, బరువు ఇక తగ్గనంత వరకు.

"అందులో కేకు చేసేదాన్నే నేను, నువ్వు గడ్డి కాలుస్తున్నవేందే?" అని అమ్మ గొడవ. వాసన రెండు రోజులు పోలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. తలుపులు తీసి పెట్టుకోండి.

పది రెమ్మలకు నిండు బరువు 2.40 గ్రాములు, ఓవెన్ బరువు 0.84. మే నెలలో గదిలో మామూలుగా ఎండినప్పుడు 0.92. అంటే (0.92 − 0.84) ÷ (2.40 − 0.84) = 5 శాతం. ఒక గ్రాము ఎండు పదార్థానికి పదో వంతు గ్రాము కూడా నీళ్లు లేవు. నిల్వ గింజల్లో ఉండే తేమ కూడా ఇంచుమించు ఇంతే. పుదీనా 60 శాతం దగ్గర వాడి మళ్లీ లేచింది, 30కి పడ్డాక ఇక లేవలేదు.

నాలుగు దారుల్లో ఎండబెట్టి చూశాను, ఒక్కో లాటుకు ఆరు రెమ్మలు:

1. తడి రెమ్మలను మిట్టమధ్యాహ్నం డాబా స్లాబు మీద. గంటలోపే ఎండాయి.
2. గదిలో ఫ్యాన్ కింద. మూడు గంటలు.
3. కుండీలోనే, నీళ్లు ఆపేసి, నీడలో. నాలుగు రోజులు. (ఇవి మాత్రం ఎండాకే కోశాను, మిగతావి ముందే కోసినవి. పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.)
4. ఉప్పు డబ్బాలో, తర్వాత సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) డబ్బాలో. వారం.

ఉప్పు డబ్బా అంటే: గాలి చొరబడని డబ్బా అడుగున ఒక గిన్నెలో ఉప్పు, అది పూర్తిగా కరగనంత కొద్దిగా నీళ్లు. చిక్కటి ఉప్పు ముద్దలా ఉండాలి. ఆ డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర తనంతట తనే నిలబడుతుంది. తేమ మీటర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికీ ఇదే దారి, మాది 71 చూపించింది, కాబట్టి అన్ని రీడింగులకు 4 కలిపాను. సిలికా జెల్ అరకిలో రూ. 180, రెండు డబ్బాలు రూ. 160.

స్లాబు వేడి కొలవడానికి కొవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ వాడబోతే "హెచ్ఐ" అని చూపించి ఊరుకుంది. అది 43 దాటితే చేతులెత్తేస్తుంది. ఏసీ మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ అడిగి తెచ్చాను: 57 డిగ్రీలు.

ఫలితాలు, తడిపిన మర్నాడు:

1. స్లాబు: కారుడు 84 శాతం, తేలినవి 10లో 0
2. ఫ్యాన్: 41 శాతం, 10లో 3
3. కుండీలో నీడ: 22 శాతం, 10లో 7
4. డబ్బాలు: 18 శాతం, 10లో 7

నాలుగూ నీళ్లలో ఒకే తీరుగా విచ్చుకున్నాయి, అది మళ్లీ చెప్పాలి. స్లాబు మీద మాడినదాన్ని, డబ్బాలో ఎండినదాన్ని పక్కపక్కన పెట్టి మొదటి సాయంత్రం చూపిస్తే ఏది శవమో మా ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

నెమ్మదిగా ఎండటం ఎందుకు ముఖ్యం? ఎండిపోవడం ఈ మొక్కకు జరిగే ప్రమాదం కాదు, అది చేసుకునే పని. నీళ్లు తగ్గుతున్నాయని తెలియగానే కణం చక్కెరలు కూడబెడుతుంది, లియా అనే రకం ప్రోటీన్లు తయారు చేస్తుంది. నీటి అణువులు పొరలను, ప్రోటీన్లను పట్టుకుని ఉండే చోట్ల ఈ చక్కెరలు చేరి అవి ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఆపుతాయి. చివరికి కణంలోని ద్రవం గడ్డకట్టి గాజులా బిగుసుకుంటుంది, అందులో రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి. ఆఫ్రికాలోని క్రేటరోస్టిగ్మా అనే మొక్క మామూలు రోజుల్లో ఆక్టులోజ్ అనే అరుదైన చక్కెరను దాచుకుని, ఎండేటప్పుడు దాన్ని సుక్రోజ్‌గా మార్చుకుంటుంది. మెక్సికో ఎడారిలో ఉండే సెలాజినెల్లా లెపిడోఫిల్లాలో ట్రెహలోజ్ ఎక్కువ. ఈ ఏర్పాట్లన్నీ చేసుకోవడానికి టైమ్ కావాలి. మూడు గంటల ఫ్యాన్ గాలిలో ఆ టైమ్ సగమే దొరికింది.

నాచు సంగతి వేరు. ఫ్యాన్ కింద అరగంటలో ఎండిపోయినా కారుడు 27 దాటలేదు. ఎండ తగిలితే నిమిషాల్లో ఆరిపోయే బతుకు దానిది, అందుకని రక్షణ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుని, పాడైనదాన్ని తడిశాక బాగు చేసుకుంటుంది. వేళ్లు, నీటి గొట్టాలు ఉన్న పెద్ద మొక్కలు సాధారణంగా ఎండటం మొదలయ్యాకే సర్దుకుంటాయి.

ఎండినదాన్ని మళ్లీ స్లాబు మీద

స్లాబు మీద చావడానికి కారణం వేగమా, వేడా? ఇది విడదీయకపోతే పై ఫలితం సగమే. నీడలో బాగా ఎండిన రెమ్మలను అదే మధ్యాహ్నం, అదే స్లాబు మీద అంతే సేపు పెట్టాను. కారుడు 24. నీడలోనే ఉంచినవాటికి 22. అంటే 57 డిగ్రీలు ఎండిన సంజీవనిని ఏమీ చేయలేదు. తడిగా ఉన్నప్పుడు ఆ వేడే ఉడకబెట్టి ఉంటుంది, వేగమూ తోడై ఉండొచ్చు. బేగంబజార్ ఉండల్లో ఎక్కువ చావడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా ఊహ: కోసిన వెంటనే పచ్చివి ఎండలో పరిచి ఉంటారు.

ముడుచుకోనివ్వకపోతే?

ఎండేటప్పుడు రెమ్మలు లోపలికి చుట్టుకుంటాయి. అది ఊరికే జరుగుతుందా, పనికొస్తుందా అని చూడటానికి దోమల జాలీ ముక్కతో ఒక కుండీలో రెమ్మలను చదునుగా నొక్కి కట్టాను. తూర్పు కిటికీ వెలుగులో ఎండాక కారుడు 37. పక్క కుండీలో స్వేచ్ఛగా ముడుచుకున్నవాటికి 22.

జాలీ ఒత్తిడికే దెబ్బతిన్నాయేమో అన్న అనుమానం వచ్చింది. మూడో కుండీలో అలాగే జాలీ కట్టి అట్టపెట్టె బోర్లించి చీకట్లో ఎండబెట్టాను: 25. కాబట్టి జాలీ కాదు, వెలుగే నేరస్థుడు. ఆకు ఎండినా పత్రహరితం అలాగే ఉంటుంది, వెలుగును పట్టుకుంటూనే ఉంటుంది. ఆ శక్తిని వాడుకునే యంత్రాంగం మాత్రం ఆగిపోయి ఉంటుంది. మిగిలిన శక్తి ఆక్సిజన్‌కు తగులుకుని కణాన్ని కాల్చే రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ముడుచుకుంటే పై ఆకులు లోపలివాటికి నీడ. లెపిడోఫిల్లా మీద లెబ్‌క్యూకర్, ఐక్‌మయర్ 1991లో ప్రచురించిన ప్రయోగమూ ఇదే దారిలో చెప్పింది. కొన్ని మొక్కలు ఇంకా తెగించి, ఎండేటప్పుడు పత్రహరితాన్నే విప్పేసుకుంటాయి. దక్షిణాఫ్రికా జెరోఫైటా అలాంటిది, ఎండితే గడ్డిలా పసుపు తిరుగుతుంది, తడిశాక పత్రహరితం మొదటి నుంచి కట్టుకుంటుంది. అందుకే అది లేవడానికి సంజీవని కంటే ఎక్కువ టైమ్ తీసుకుంటుంది.

*బతికిన మొక్కలు: 7. ఖర్చు: 1,490 + 340 = రూ. 1,830.*

దశ 5: కూలర్ గది, జులై గాలి

మే ఎండల్లో కుండీ పద్ధతి బాగుందని అదే ఇంకో కుండీకి కూలర్ ఉన్న గదిలో చేశాను. అక్కడ తేమ 65 శాతం. రెమ్మలు సగం ముడుచుకుని అక్కడే ఆగిపోయాయి, బరువు తగ్గడం నిలిచింది. అప్పటికి మొక్క చావలేదు కానీ బూజు దారాలు కనిపించాయి, వెంటనే కూలర్ లేని గదికి మార్చాను.

జులైలో నీటి లెక్కకు పెట్టుకున్న రెమ్మలకు తోటివాటిని మళ్లీ ఎండబెట్టాను. గది తేమ 80. అదే ఓవెన్ బరువు 0.84కి లెక్క కడితే బరువు 1.02 దగ్గర ఆగింది: 0.18 ÷ 1.56 = 11.5 శాతం. మేలో 5, జులైలో 11.5. చూడటానికి రెండూ ఒకేలా కరకరలాడతాయి. పది రోజుల్లో రెండో దాని మీద తెల్లటి బూజు, ఒక మొక్క పూర్తిగా పోయింది. పూర్తి తడి, పూర్తి పొడి, రెండూ దీనికి క్షేమమే. మధ్యలో ఆగితేనే ఇబ్బంది: గాజులా బిగుసుకునేంత పొడి కాదు, మరమ్మతు చేసుకునేంత తడీ కాదు, బూజుకు మాత్రం సరిపోతుంది.

ఉప్పు డబ్బాలో కూడా ఒక రెమ్మకు బూజు వచ్చింది. మార్పు: ఉప్పు డబ్బాలో రెండు రోజులకు మించి వద్దు, రెమ్మలు ఒకదానికొకటి తగలకుండా పరచాలి, ఆ తర్వాత నేరుగా సిలికా. వానాకాలంలో చేసేవాళ్లు కుండీ పద్ధతి మానేసి డబ్బాలే వాడండి. సిలికా రంగు మారితే ఓటీజీలో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. (అమ్మ ఊళ్లో లేనప్పుడు.)

*బతికిన మొక్కలు: 6.*

దశ 6: తడపడం

దీని గురించి రాయడానికి పెద్దగా లేదు. ఒక రాత్రి తడి గాలి, తర్వాత కుండీకి నీళ్లు. బోరు నీళ్లయినా లేస్తుంది, కానీ కొన్ని విడతల తర్వాత ఆకుల మీద తెల్ల చార కట్టి కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. వాన నీళ్లో, ఏసీ నీళ్లో మేలు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. చాలామంది దీన్ని షోకేసులో పెట్టుకుని రోజూ పొద్దున రెండుసార్లు స్ప్రే కొడతారు. ఒక కుండీకి అలాగే చేశాను: పొద్దున తడి, మధ్యాహ్నానికి మళ్లీ పొడి. రోజూ విచ్చుకుంది, రోజూ ముడుచుకుంది, చూడటానికి ముచ్చటగానే ఉంది. మూడు వారాలకు ఎండు బరువు తగ్గింది, కారుడు 22 నుంచి 46కి చేరింది. లేచిన ప్రతిసారీ పాడైనవి సరిచేసుకోవడానికి దాచుకున్న చక్కెర ఖర్చవుతుంది. దాన్ని తిరిగి సంపాదించడానికి కిరణజన్య సంయోగక్రియ నడవాలి, అది సరిగా మొదలవ్వడానికే ఒక రోజు పడుతుందని తేలే కొసల పరీక్షలో చూశాం. రోజుకు నాలుగు గంటల తడితో మొక్కకు ఖర్చే తప్ప రాబడి లేదు. వారమైనా పూర్తిగా తడిగా ఉంచండి, లేదంటే పూర్తిగా ఎండనివ్వండి. ఆ కుండీని పది రోజులు తడిగా ఉంచాక కొత్త కొస ఒకటి వచ్చింది.

ఇప్పుడున్న స్థితి, తర్వాతి పని

ఆరు మొక్కలు, ఖర్చు రూ. 1,830. సిలికా డబ్బాలో ఎండిన రెమ్మలు నలభై దాకా తేదీలు రాసి ఉంచాను. నెలకు ఆరు చొప్పున తీసి కారుడు కొలుస్తాను, పొడిగా ఎంతకాలం నిలుస్తాయో చూడాలి.

ఇంకో పరీక్షకు ఒరోపెటియం థోమేయం అనే గడ్డి మీద కన్నుంది. మన దేశంలోనే రాళ్ల మీద పెరిగే బుల్లి గడ్డి, ఇదీ ఎండి లేచే రకమే. 2015లో దీని జీనోమ్ (జన్యు సమాచారం) మొత్తం చదివారు, 24.5 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, వరి జీనోమ్ కంటే చిన్నది. వరి, జొన్న, సజ్జల కుటుంబంలోదే కాబట్టి కరువుకు ఆగే పంటల కోసం వెతికేవాళ్లకు ఇది సెలాజినెల్లా కంటే దగ్గరి దారి. రెండు సెంటీమీటర్ల ఆకుతో తేలే కొసల పరీక్ష బాగా వస్తుందనుకుంటున్నాను. కారుడు పరీక్షకు మాత్రం అర గ్రాము ఎండు బరువు పోగవ్వాలంటే చాలా కుదుళ్లు కావాలి, బండల మీద నుంచి అన్ని పీకడం నాకిష్టం లేదు. 50 మిల్లీలీటర్లకు బదులు 10 మిల్లీలీటర్ల నీళ్లతో, చిన్న గాజు సీసాలో టీడీఎస్ పెన్ మొన మునుగుతుందో లేదో ముందు చూడాలి. మా పెన్‌కు కనీసం రెండున్నర సెంటీమీటర్ల లోతు కావాలి, కాబట్టి సన్నటి సీసా వెతుకుతున్నాను.